బాబాయ్ ఒంట్లో ఇనుపముక్క

భయం మీద పరిశోధన చేసే ఆ లాబ్‌లో అందరికన్నా ధైర్యవంతుడు ఎవరని అడిగితే, పెద్దసారు దగ్గర్నుంచి గదులు తుడిచే మనిషి దాకా అందరూ స్కానర్ టెక్నీషియన్ వైపే వేలు చూపించేవారు. ఆయన్ని అందరూ బాబాయ్ అని పిలిచేవారు. వయసు యాభై దాటినా మీసం మాత్రం ముప్పై దగ్గరే ఆగిపోయింది. ఆగేందుకు ఆయన వారం వారం నల్లరంగుతో సాయం చేసేవాడు. పదకొండేళ్లుగా ఆ స్కానర్ ఆయన చేతిమీదుగానే నడుస్తోంది. మనిషి పట్టేటంత గొట్టం, అందులోకి జారే బల్ల, గొట్టం చుట్టూ ఎప్పుడూ ఆపని అయస్కాంతం. బాబాయ్ దాన్ని సొరంగం అనేవాడు. అందులో పడుకోవడానికి వచ్చి వణుకుతున్నవాళ్ల చెయ్యి పట్టుకుని, "ఏం కాదమ్మా, కళ్లు మూసుకుంటే మనింట్లో మంచమే" అని ఆయన చెప్పే తీరుకి ఎంతటి పిరికివాళ్లైనా చెప్పులు విప్పి బల్ల ఎక్కేవారు.

ఆ బాబాయ్ సొరంగంలో ఒక్కసారి కూడా పడుకోలేదు. పడుకోలేడు. ఇరుకు చోటంటే ఆయనకు చచ్చేంత భయం.

ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆయన, రెండోది ఆయన భార్య. భార్యకు తెలియకుండా ఎలా ఉంటుంది? వాళ్లుండేది నాలుగో అంతస్తులో. బజారు నుంచి ఇద్దరూ కలిసే వచ్చేవారు. ఆవిడ సంచి పట్టుకుని లిఫ్టెక్కి, ఇంటి తాళం తీసి, టీకి నీళ్లు పొయ్యి మీద పెట్టేది. అవి మరిగే వేళకు ఈయన మెట్లన్నీ ఎక్కి, గుమ్మం పట్టుకుని రొప్పుతూ, "వ్యాయామం" అనేవాడు. "తెలుసులెండి మీ వ్యాయామం" అని ఆవిడ టీ గ్లాసు చేతిలో పెట్టేది. ఇరవై ఆరేళ్లుగా వాళ్ల మధ్య ఈ విషయం మీద నడిచిన సంభాషణ అంతే.

లాబ్‌లో మాత్రం అంత తేలిగ్గా తెమలదు. పెద్దసారు పెట్టిన నియమం ఒకటుంది. మనం పడుకోని చోట ఇంకొకర్ని పడుకోబెట్టకూడదు అంటారాయన. కొత్త ప్రయోగం మొదలైనప్పుడల్లా బృందంలో ప్రతివాళ్లూ ముందు తాము సొరంగంలోకి వెళ్లి రావాలి. బాబాయ్ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఈ నియమం ఆయన మెడకు చుట్టుకుంది. అప్పుడు ఆయన్ని ఒడ్డున పడేసింది ఒక కాగితం. స్కానర్ దగ్గరికి వెళ్లే ప్రతివాళ్లూ నింపాల్సిన భద్రత ఫారం. అందులో ఐదో ప్రశ్న: మీ శరీరంలో ఎక్కడైనా లోహం ఉందా? ఆరో ప్రశ్న: ఇరుకు చోట్లంటే భయమా? బాబాయ్ ఆరో ప్రశ్న రెండుసార్లు చదివి, 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాడు. మళ్లీ వెనక్కి వెళ్లి, ఐదో ప్రశ్నకు 'ఉంది' అని టిక్కు పెట్టి, పక్కన గుండ్రటి దస్తూరీలో రాశాడు: ఎడమ మోకాల్లో ఇనుపముక్క, చిన్నప్పటిది.

ఒంట్లో ఇనుమున్నవాణ్ని అయస్కాంతంలోకి తొయ్యడం నేరం. ఇంక ఆయన్ని పడుకోమన్న నాథుడు లేడు. పైగా అందరూ జాలిపడ్డారు. పెద్దసారైతే నొప్పి పుడుతుందా అని అడిగి, కుర్చీ కూడా మార్పించారు. అప్పట్నుంచి కొత్త ప్రయోగం వచ్చినప్పుడల్లా కొత్త ఫారం, కొత్త ఫారం వచ్చినప్పుడల్లా అదే ఇనుపముక్క. ఒక్కటే చిక్కు. అబద్ధం ఆడేవాడికి జ్ఞాపకశక్తి బాగా ఉండాలి, బాబాయ్‌కి అది అంతంతమాత్రం.

ఇలా ఉండగా ఆ లాబ్‌కి ఒక అమ్మాయి వచ్చింది. ఇంకా డాక్టరేటు పుచ్చుకోలేదు గాని, ఆ హోదా అంతా ముందే తెచ్చేసుకుంది. బాబాయ్ ఆమెకు పిల్ల డాక్టరు అని పేరు పెట్టాడు. గుండ్రటి కళ్లద్దాలు, చేతిలో ఎప్పుడూ ఫైలు, జడలో గుచ్చుకున్న పెన్ను. అయస్కాంతం గది గుమ్మం దగ్గర బాబాయ్ రోజూ ఆ పెన్ను పీకి బల్ల మీద పెట్టేవాడు. "నీ పెన్ను ఎగిరిపోయి ఎవరి ముక్కుకో తగిలితే నాకు చెడ్డపేరమ్మా" అనేవాడు.

ఆమె ప్రయోగం వినడానికి చాలా చిన్నది. సొరంగంలో పడుకున్నవాళ్లకు ఒక తెర కనిపిస్తుంది. పసుపు చతురస్రం వస్తే మణికట్టు మీద చిన్న కరెంటు చురక తగులుతుంది. నీలం సున్నా వస్తే ఏమీ ఉండదు. అది మొదటి భాగం. రెండో భాగంలో కుడిచేతికి ఒక బటన్ ఇస్తారు. పసుపు రాగానే నొక్కితే చురక తప్పిపోతుంది. అసలు మతలబంతా మూడో భాగంలో ఉంది. అప్పుడు చురక తీగను చప్పుడు కాకుండా పీకేస్తారు. పసుపు వచ్చినా ఇంక ఏమీ కాదు. కాని ఆ సంగతి తెలిసేది ఎవరికి? నొక్కకుండా ఊరుకున్నవాళ్లకి. నొక్కేవాళ్లు మాత్రం, నొక్కాం కాబట్టి బతికిపోయాం అనుకుంటూ నొక్కుతూనే ఉంటారు. అలా నొక్కేటప్పుడు మెదడులో ఎక్కడెక్కడ ఏం వెలుగుతుందో చూసి, భయం ఎందుకు చావదో కనిపెట్టాలని పిల్ల డాక్టరు తాపత్రయం. అందుకు నలభైమంది కావాలి.

ముప్పై తొమ్మిదిమంది అయ్యారు. కంట్రోల్ గదిలో అద్దం ఇవతల కూర్చుని బాబాయ్ వాళ్లందర్నీ చూసి తెగ నవ్వుకున్నాడు. "చూడమ్మా ఈ పెద్దమనిషిని! తీగ పీకేసి పావుగంటైంది, ఇంకా వేలు అరిగేలా నొక్కుతున్నాడు. వెర్రి మాలోకం!" అనేవాడు. పిల్ల డాక్టరు రాసుకునేది.

నలభయ్యో మనిషి బేకరీ నడిపే ఒకావిడ. నిండుగా, పిండి వాసనతో వచ్చింది. ఫారం నింపింది, గాజులు తీసింది, సొరంగం దాకా నడిచింది. అక్కడ ఆగిపోయింది.

"మీరెప్పుడైనా ఇందులో పడుకున్నారా?" అని బాబాయ్‌ని అడిగింది.

ఈ ప్రశ్న అందరూ అడిగేదే. బాబాయ్ దగ్గర జవాబు నాలుక చివరే ఉంటుంది. "వందసార్లు!" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. "ముప్పై ఏళ్లుగా రొట్టె మొహం చూసి లోపల కాలిందో లేదో చెప్తున్నానయ్యా. మీరు పైకి బానే ఉన్నారు, లోపల పచ్చి" అని, గాజులు మళ్లీ తొడుక్కుని వెళ్లిపోయింది.

బాబాయ్ రెండు రోజులు మీసం దువ్వుకోలేదు.

మూడోరోజు గురువారం. ఆ ఉదయమే ఇంకో పిడుగు పడింది. భద్రత కమిటీ సోమవారం వస్తోందనీ, అయస్కాంతం గదిలోకి వెళ్లే ప్రతి ఒక్కరి ఫారాలూ తనిఖీ చేస్తుందనీ కబురు. ఫైలు సిద్ధం చేసి, అన్నీ నిజమేనని కింద సంతకం పెట్టాల్సిన పని పిల్ల డాక్టరు నెత్తిన పడింది. మధ్యాహ్నానికల్లా ఆమె బాబాయ్‌ని పిలిచింది. బల్ల మీద పదకొండు ఫారాలు వరసగా పరిచి ఉన్నాయి.

"కూర్చోండి బాబాయ్."

"నిలబడే వింటాలేమ్మా."

"మీ ఒంట్లో ఇనుపముక్క ఎక్కడుంది?"

"ఏ ఇనుపముక్క?" అనేసి బాబాయ్ నాలిక్కరుచుకున్నాడు. "ఓ, అదా! మోకాల్లో."

"ఏ మోకాలు?"

బాబాయ్ చెయ్యి కుడిమోకాలి మీద ఉంది. ఆమె కళ్లు చూసి ఎడమమోకాలి మీదికి మార్చాడు.

"మొదటి ఏడాది ఎడమ మోకాలు," అని పిల్ల డాక్టరు చదివింది. "మూడో ఏడాది కుడి మోకాలు. ఐదో ఏడాది భుజం. పోయినేడాది 'నడుము దగ్గర, సరిగ్గా తెలియదు' అని రాశారు."

"తిరుగుతూ ఉంటుందమ్మా. రక్తం తిరగట్లేదూ ఒంట్లో?"

"సరే, తిరగనివ్వండి. మీరు రోజుకి ఇరవైసార్లు ఆ గదిలోకి వెళ్తారు. నా జడలో పెన్నుంటేనే గుమ్మం దాటనివ్వరు. మరి మీ ఒంట్లో అంత షికారు చేస్తున్న ఇనుముని ఆ అయస్కాంతం పదకొండేళ్లుగా ఎందుకు వదిలేసింది?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న ఆయనకే ఎప్పుడూ తట్టలేదు. ఆయనకు తట్టకపోతే పోనీ, భయం గురించి లావుపాటి పుస్తకాలు రాసిన పెద్దసారుకీ తట్టలేదు. చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కే ఇది. గడిలో టిక్కు కనిపిస్తే చాలు, ఎదురుగా తిరుగుతున్న మనిషిని చూడరు.

"ఇనుము కాకపోవచ్చు. ఇత్తడేమో" అన్నాడు చివరికి, చాలా నీరసంగా.

"ఇత్తడైతే ఇంకా మంచిది. అయస్కాంతం దాన్ని లాగదు. హాయిగా పడుకోవచ్చు."

ఎటు జరిగినా గోడే తగిలింది. పిల్ల డాక్టరు కళ్లద్దాలు తీసి, గొంతు తగ్గించింది. "బాబాయ్, లోహం ఉందంటే ఎక్స్‌రే తీయించాలి. నిజంగా ఉంటే ఆ గదిలోకి మీరింక అడుగు పెట్టకూడదు, ఈ పని పోతుంది. లేదంటే పదకొండుసార్లు ఎందుకు రాశారని అడుగుతారు. సంతకం చెయ్యాల్సింది నేను. బేకరీ ఆవిడ మనసు మార్చుకుని వస్తుందేమోనని రేపు శుక్రవారం ఉంచిన గంట ఖాళీగా ఉంది. నియమం ప్రకారం ఒక్కసారి పడుకుని లేవండి. కొత్త ఫారం రాసి, పాతవి పొరపాటని ఒక ముక్క కలపండి. మిగతాది నేను చూసుకుంటాను. అసలు సంగతేమిటో నాకు చెప్పొచ్చుగా?"

చెప్పెయ్యాల్సింది అప్పుడే. ఆ పిల్ల గొంతులో ఎగతాళి లేదు, అడిగిన తీరులో ప్రేమే ఉంది. కాని బాబాయ్ చెప్పలేకపోయాడు. ఉద్యోగం పోతుందన్న బెంగ ఒకటి. దాన్ని మించిన బెంగ ఇంకొకటి. మీటలు నొక్కడం ఎవరైనా నేర్చుకుంటారు. భయపడ్డ మనిషి తన చెయ్యి పట్టుకుని, తన మాట నమ్మి బల్ల ఎక్కడం ఒక్కటే ఆయనకు ఈ లోకంలో ఉన్న గొప్ప. ఆ మాట చెప్పేవాడే బెదురుగొడ్డని తెలిస్తే ఇంక ఎవరు నమ్ముతారు?

"సంగతీ లేదు, సున్నమూ లేదు. రేపు పడుకుంటాను. అదెంత పని?" అని బయటికి వచ్చి, మూడు గ్లాసుల మంచినీళ్లు తాగాడు.

సాయంత్రం ఈ కబురు విని ఆయన భార్య ముందు నమ్మలేదు. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది.

"మీరా! అందులోనా!"

"నవ్వు, నవ్వు. నీకేం?"

"అంత అవస్థ ఎందుకండీ? నాకు భయం అని చెప్పెయ్యరాదూ?"

"భయపడేవాడి మాట ఎవరు వింటారు?"

"నేను ఇరవై ఆరేళ్లుగా వింటున్నాగా" అంది ఆవిడ, కూర కలుపుతూ. బాబాయ్ మంచినీళ్ల సీసా నింపడానికి లేచాడు.

శుక్రవారం ఉదయం బాబాయ్ చేసిన పనులు అన్నీ ఇన్నీ కావు. అద్దం తుడిచాడు. తుడిచిన అద్దాన్ని మళ్లీ తుడిచాడు. బల్ల మీది దుప్పటి మార్చాడు. జేబులు నాలుగుసార్లు వెతుక్కున్నాడు. ఇంకేం చెయ్యాలో తోచక రబ్బరు బంతిని కడిగాడు. ఆ బంతి సంగతి కొంచెం చెప్పాలి. సొరంగంలో పడుకున్నవాళ్ల ఎడమచేతిలో అది ఉంటుంది. దానికో సన్నటి గొట్టం, ఆ గొట్టం కొస బల్ల పక్కనున్న రంధ్రంలోకి దూరుతుంది. గట్టిగా పిండితే కంట్రోల్ గదిలో గంట మోగుతుంది, బాబాయ్ పరుగున వెళ్లి బల్లను బయటికి లాగుతాడు. చెమట చేతులు పట్టుకునే వస్తువు కాబట్టి గొట్టం ఊడదీసి సబ్బుతో కడగడం ఆయన అలవాటు. ఆ రోజు మూడుసార్లు కడిగాడు. కడిగి, ఆరబెట్టి, బల్ల మీద పెట్టాడు. గొట్టం కొస మాత్రం రంధ్రంలో పెట్టలేదు. ఎవరైనా వస్తున్నారంటే ఆ పని ఆయన చెయ్యి దానంతటదే చేసేది. ఆవేళ వచ్చేవాడు తనే కావడంతో ఆ చేతికి గుర్తు రాలేదు.

ఆయన పడుకున్నాడు. పిల్ల డాక్టరు మణికట్టుకు చురక తీగ కట్టి, తలకు ప్లాస్టిక్ పంజరం మూసింది. జాబితా చదువుతూ, "బంతి సరిచూశారా బాబాయ్?" అని అడిగింది.

"నేను చూడనిదేముందమ్మా ఇక్కడ!" అన్నాడు పంజరంలోంచి, పరువు కోసం.

బల్ల లోపలికి జారింది. ముక్కుకి నాలుగు వేళ్ల దూరంలో కప్పు. మనింట్లో మంచం అనే మాట ఎంత పచ్చి అబద్ధమో బాబాయ్‌కి మూడు క్షణాల్లో తెలిసిపోయింది. ఆయన ముందే ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు. ఐదు నిమిషాలు ఓర్చుకుని బంతి నొక్కాలి, కాలు కొంకర్లు పోయిందని చెప్పాలి. స్కానర్ డబడబా మోత మొదలెట్టి ఐదు నిమిషాలు కాదుగదా, అర నిమిషమైనా కాలేదు. నొక్కాడు.

ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కాడు. మోత ఆగలేదు. మూడు, నాలుగు, ఐదు. "ఈ పిల్ల కావాలనే రావడం లేదు. నా మీద కక్ష కట్టింది" అనుకున్నాడు. ఆరు, ఏడు. మోత కాస్త సన్నగిల్లగానే చెవిలో పిల్ల డాక్టరు గొంతు చల్లగా వినిపించింది. "బాగానే ఉన్నారా బాబాయ్?"

నోరు తెరిచి, తల్లీ నన్ను బయటికి లాగు అంటే సరిపోయేది. కాని బంతి నొక్కితే కాలి మీదికి నెట్టొచ్చు, నోటితో అంటే ఇంకెవరి మీదికి నెడతాడు? ఎడమచెయ్యి ఎనిమిదోసారి బంతిని పిండుతుండగా బాబాయ్ నోరు, "బ్రహ్మాండంగా ఉందమ్మా!" అంది.

పసుపు వచ్చింది, చురక తగిలింది. ఆ చురకే నయమనిపించింది. తొమ్మిది, పది. ఇంట్లో వాళ్లావిడ గుర్తొచ్చింది. పన్నెండు. లెక్క తప్పకుండా ఎందుకు పెడుతున్నాడో తెలియదు గాని పెట్టాడు. పదిహేడోసారి పిండేసరికి వేళ్లు పట్టేశాయి. చెయ్యి జారిపోయి పక్కన పడింది. ఇంక ఎవరూ రారు. ఆ సంగతి ఖాయమైపోయాక బాబాయ్ మొదటిసారి ఊరికే పడుకున్నాడు, వేరే గతి లేక.

అప్పుడు ఆయనకు ఒక వింత తట్టింది. ఇంతసేపూ ఏమీ కాలేదు. కప్పు ఎక్కడుందో అక్కడే ఉంది. గాలి ఆడుతూనే ఉంది. ఆ డబడబలన్నీ బయట కూర్చుని పదకొండేళ్లుగా వింటున్న చప్పుళ్లే. ఇది అయ్యాక సన్నటి కూత వస్తుంది అనుకున్నాడు, సన్నటి కూత వచ్చింది. పరిచయమున్న మనిషి కనబడ్డట్టు ప్రాణం కుదుటపడింది. మూడో భాగం వచ్చింది. తీగ పీకేశారని ఆయనకు బాగా తెలుసు. అయినా పసుపు రాగానే బొటనవేలు టక్కున నొక్కింది. "ఓరి వెర్రి మాలోకమా!" అని తనను తానే తిట్టుకున్నాడు. పది పసుపులు అలా నొక్కి, పదకొండోది వచ్చినప్పుడు పళ్లు బిగించి ఊరుకున్నాడు. ఏమీ కాలేదు. సొరంగంలో ఒంటరిగా బాబాయ్ నవ్వాడు.

బల్ల బయటికి రాగానే పిల్ల డాక్టరు చప్పట్లు కొట్టింది. "ముప్పావుగంట బాబాయ్! ఒక్కసారి కూడా గంట మోగలేదు!"

బాబాయ్ లేచి కూర్చుని కిందికి చూశాడు. గొట్టం కొస బల్ల పక్కన గాలిలో వేలాడుతోంది. విషయం బుర్రకెక్కింది. ఆమె పంజరం సర్దడానికి అటు తిరగగానే కొసను రంధ్రంలోకి గుచ్చి, మీసం దువ్వుకుని, "మోగడానికేముందమ్మా, కాస్త కునుకు పట్టింది" అన్నాడు.

చూశారా మనిషి బుద్ధి! ఒక అబద్ధం వదిలి ఇంకా ఒళ్లు ఆరలేదు, రెండోది తొడిగేశాడు.

సాయంత్రానికి లాబ్ అంతా ఆయన శౌర్యమే. పెద్దసారు వచ్చి భుజం తట్టి, మరి ఆ ఇనుపముక్క మాటేమిటయ్యా అంటే, "చిన్నప్పుడు మా అమ్మ చెప్పిందండీ, నమ్మాను" అన్నాడు. పాపం, ఆ మహాతల్లికి ఈ లోకంలో లేకపోవడం వల్ల ఎదురుచెప్పే వీల్లేకపోయింది. ఇంటికెళ్లి భార్యతోనూ అదే గొప్ప చెప్పాడు. ఆవిడ అంతా విని, "మరి ఎడమచెయ్యి ఎందుకు అలా పిసుక్కుంటున్నారు?" అని మాత్రం అడిగి, వేడినీళ్ల గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

సోమవారం పొద్దున్నే, కమిటీ ఇంకా రాకముందే, పిల్ల డాక్టరు బాబాయ్‌ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద ఆయన మెదడు బూడిదరంగులో ఉంది.

"ఇదిగో, కుడివైపు ఈ చోటు ఎడమచేతిది. ఎడమచెయ్యి బిగిస్తే ఇక్కడ వెలుగుతుంది. ఈ ప్రయోగంలో ఎడమచేతికి పనేమీ లేదు బాబాయ్. మరి ఇది పదిహేడుసార్లు వెలిగింది."

పదకొండేళ్లుగా తను నమ్మకంగా చూసుకున్న యంత్రం తననే పట్టిచ్చింది. బాబాయ్ తల వంచుకున్నాడు. ఆమె ఇంకా పూర్తి చెయ్యలేదు. "చెయ్యి పిండింది, గంట మోగలేదు. అంటే గొట్టం పెట్టలేదు." అప్పుడే ఆమె మొహం పాలిపోయింది. "నేను మీ మాట విని ముందుకెళ్లిపోయాను. లోపల మీకేమైనా అయ్యుంటే? ఆ రోజు బేకరీ ఆవిడ పడుకుని ఉంటే?"

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. "ఆవిడైతే పెట్టేవాణ్నమ్మా. పడుకున్నది నేను కాబట్టి పెట్టేవాడు లేకపోయాడు" అన్నాడు. మళ్లీ తనే, "కాదులే. చూడకుండా చూశానన్నాను. తప్పు నాదే" అన్నాడు. ఇంక ఆగలేదు. ఇనుపముక్క, లిఫ్టు, నాలుగంతస్తుల మెట్లు, వందసార్లు అన్న మాట, అమ్మ మీదికి నెట్టిన నింద, అన్నీ ఒకదాని వెనక ఒకటి బయటపెట్టాడు.

పిల్ల డాక్టరు నవ్వలేదు. తెర మీద ఒక గీత చూపించింది. "ఇది మెదడు లోపల బాదంగింజంత ముద్ద. భయం వేస్తే ముందు ఉలిక్కిపడేది ఇదే. చూడండి, ఎంత ఎత్తులో ఉందో. పదిహేడో నొక్కుడు పద్నాలుగో నిమిషంలో. అక్కణ్నుంచి ఎలా దిగిందో చూడండి. ఆ తర్వాత ఎందుకు నొక్కలేదు?"

"నొక్కినా ఎవరూ రాలేదు కదమ్మా. రాకపోయినా ఏమీ కాలేదు మరి."

"గంట మోగి ఉంటే మొదటి నొక్కుడికే లాగేసేదాన్ని. మీరు ఇంకో పదకొండేళ్లు ఆ ఇనుపముక్క మోసేవారు" అంది.

బాబాయ్ కొత్త ఫారం అడిగి తీసుకున్నాడు. ఐదో ప్రశ్నకు 'లేదు'. ఆరో ప్రశ్నకు 'ఉంది'. పదకొండేళ్లుగా పక్క పక్క గడుల్లో తప్పుగా కూర్చున్న రెండు టిక్కులూ వాటి వాటి ఇళ్లకు చేరాయి. కింద గొట్టం సంగతి కూడా పూసగుచ్చినట్టు రాసి సంతకం పెట్టాడు.

కమిటీవాళ్లు ఆయన్ని బాగానే చీవాట్లు పెట్టారు. సరిచూడకుండా రాసుకున్నందుకు పిల్ల డాక్టరుకీ వాటా దొరికింది. బంతిని ఇకమీదట ఇద్దరు వేరువేరుగా నొక్కి చూడాలని జాబితాలో కొత్త వాక్యం చేరింది. ఉద్యోగం పోలేదు. పెద్దసారు మాత్రం ఆరో ప్రశ్న దగ్గర టిక్కు మీద వేలు పెట్టి, "పదకొండేళ్లు నా పక్క గదిలోనే ఉన్నావు కదయ్యా!" అన్నారు.

"మీరెప్పుడూ అడగలేదు కదండీ. ఫారం అడిగింది, దానికి అబద్ధం చెప్పాను" అన్నాడు బాబాయ్. భయాల మీద అన్ని పుస్తకాలు రాసిన పెద్దసారు ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రం బాబాయ్ భార్యతో పాటు లిఫ్టెక్కాడు. రెండో అంతస్తు దాటాక ఆవిడ చెయ్యి గట్టిగా పిండాడు. "ఆ, వింటున్నాను" అంది ఆవిడ. నాలుగో అంతస్తులో దిగి, తాళం తీసి, నీళ్లు పొయ్యి మీద పెట్టారు. అవి మరిగేదాకా ఇద్దరికీ ఏం చెయ్యాలో తెలియక వంటింట్లో ఊరికే నిలబడ్డారు.

బుధవారం నాడు పిల్ల డాక్టరు బతిమాలగా బతిమాలగా బేకరీ ఆవిడ మళ్లీ వచ్చింది. బాబాయ్ పొద్దున్నే గొట్టం కొస రంధ్రంలో పెట్టి ఎదురుచూశాడు. భయపడేవాడి మాట ఎవరైనా వింటారో లేదో ఇవాళ తేలిపోతుంది. ఆవిడ సొరంగం దగ్గర ఆగి, సరిగ్గా అదే ప్రశ్న అడిగింది. "మీరెప్పుడైనా పడుకున్నారా?"

"ఒక్కసారి."

"ఎలా ఉంది?"

"చచ్చేంత భయమేసిందమ్మా. పదిహేడుసార్లు బంతి నొక్కాను."

"మరి లాగలేదా?"

"గొట్టం పెట్టడం మర్చిపోయాను. ఇవాళ పెట్టాను, ఈ అమ్మాయి కూడా చూసింది. మీరూ నొక్కి చూడండి."

ఆవిడ నొక్కింది. కంట్రోల్ గదిలో గంట ఖంగున మోగింది. ఆవిడ బాబాయ్ మొహంలోకి చాలాసేపు చూసింది. బాబాయ్ మీసం సర్దుకోలేదు, కళ్లు తిప్పుకోలేదు. ఆవిడ గాజులు తీసి ఆయన చేతిలో పెట్టి, చెప్పులు విప్పింది.

"ఇప్పుడు లోపలిదాకా కాలారు" అని బల్ల ఎక్కింది.

మొదటి భాగం అయి, రెండోది ఇంకా మొదలుకాకముందు గంట మోగింది. గంట ఆగేలోపే బాబాయ్ అయస్కాంతం గదిలో ఉన్నాడు. బల్లను బయటికి లాగి, ఒగరుస్తూ, "ఏమైందమ్మా?" అన్నాడు. వెనకాల పిల్ల డాక్టరు గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చి, జడలో పెన్ను గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది.

బేకరీ ఆవిడ పంజరంలోంచి ఇద్దరి మొహాలూ చూసింది. "ఏమీ కాలేదు. వస్తారో రారో చూద్దామని నొక్కాను. వచ్చారుగా, ఇంక లోపలికి తొయ్యండి" అంది.

బాబాయ్ బల్లను లోపలికి తోశాడు.